విసనకర్ర గీత

సమోవాలో ఒక ఆసుపత్రి, పేరెందుకులెండి, అక్కడి గుండె వార్డులో ఫువాతినో పని తెర ముందు కూర్చోవడం. రోగుల మెడలో వేలాడే చిన్న పెట్టెలు గాలిలో పంపే గుండె గీతలన్నీ ఆ తెర మీదికే వస్తాయి. పనిలో ఆమెకు వంక పెట్టినవాడు లేడు. ఆ పెట్టెలతోనే చచ్చే చావు. ఎవరైనా బంధువులతో కబుర్లకని వరండాలోకి వెళ్తే చాలు, సిగ్నల్ పోయి సైరన్ మోగేది. మోగినవాటిలో నిజమైనవి ఎప్పుడో గానీ ఉండేవి కావు.

అందరిలోకీ ముసలి ఇయోపుది మరీ గోల. ఆయన కొబ్బరాకు విసనకర్ర విసురుకుంటే ఛాతీ మీది తీగలు కదిలి, గీత ప్రాణం పోతున్నట్టు గెంతేది. మొదటిసారి ఫువాతినో పడుతూ లేస్తూ పరుగెత్తింది.

"ఏమ్మా, అప్పుడే నన్ను పాతిపెట్టేద్దామనా?" అన్నాడాయన. వార్డంతా గొల్లుమంది.

అప్పట్నుంచి గీత గెంతగానే మీట నొక్కి సైరన్ ఆపేసి, కూర్చున్నచోటు నుంచే "తాతా, విసనకర్ర దించు!" అని కేకేసేది. ఆయన దించేవాడు, గీత కుదుటపడేది.

ఆ ఆదివారం పాస్టరుగారు వార్డులో ప్రార్థన చేస్తున్నారు. ఇయోపు గీత గెంతింది. ఆయన మంచానికున్న అడ్డుగోడ పైన విసనకర్ర కదులుతోంది. ప్రార్థన మధ్యలో ఏం అరుస్తామని సైరన్ ఆపేసి ఊరుకుంది. ఆమెన్ అన్నాక కేకేసింది. విసనకర్ర దిగింది. గీత మాత్రం గెంతుతూనే ఉంది.

పరుగెత్తి చూస్తే విసనకర్ర ఆయన భార్య ఫాపిసా చేతిలో ఉంది. నిద్రపోతున్నాడనుకుని ఆమె విసురుతోంది. డాక్టర్లు చేయగలిగినదంతా చేశారు. ఇయోపు దక్కలేదు.

తప్పు పెట్టెలదేనని తోటివాళ్ళు సర్దిచెప్పారు. ఫువాతినో వింటేగా! పాతిపెట్టిన మర్నాడు పొద్దున్నే అన్నను వెంటబెట్టుకుని వెళ్ళి, ఇయోపు ఇంటి ముందు తల మీద సన్ననేత చాప కప్పుకుని కూర్చుంది. అక్కడి ఆచారంలో ఇంటివాళ్ళు చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే అలా కూర్చోవలసిందే. ఎండెక్కింది. కొడుకులు గుమ్మంలో నిలబడి చూశారు తప్ప కదల్లేదు.

చివరికి ఫాపిసా వచ్చి చాప ఎత్తింది.

"సైరన్ మోగితే నేనే ఆపేశానమ్మా. తాతే విసురుకుంటున్నాడనుకున్నా," అంది ఫువాతినో.

ముసలామె ఆమె పక్కనే నేల మీద కూలబడింది.

"నువ్వు ఎక్కడో తెర ముందున్నావు తల్లీ. నేను ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాను. నాకూ తెలీలేదే," అంది.