అడవి గుమ్మంలో ఏసుపాదం

ఏసుపాదం కేకేయకుండా అడవిలోకి వెళ్లడు. అది సర్కారు అడవి. తలుపూ లేదు, గొళ్లెమూ లేదు. అయినా నాగాయలంక అవతల మడ అడవి పాయ మొదట్లో బోటు ఇంజను ఆపి, గొంతు సవరించుకుని, వియ్యాలవారింటికి వెళ్లినట్టు "వస్తున్నామండీ!" అని అరుస్తాడు. ఆ అరుపుకి కొంగలు లేస్తాయి, పీతలు బొరియల్లో దూరతాయి, బోటులో కునుకు తీసేవాళ్లు లైఫ్ జాకెట్లు వెతుక్కుంటారు.

అరిచి ఊరుకోడు, జవాబు కోసం ఆగుతాడు. లోపలి నుంచి "కూ..." అని వినిపిస్తేనే బోటు తోసే గెడ అందుకుంటాడు.

"అదేం పిట్ట నాన్నా?" అని కూతురు వినీల ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు.

"మా అడవి పిట్టమ్మా. కొండల్లో దొరకదు."

ఆ శనివారం గుడివాడ నుంచి హరిబాబు వచ్చాడు. పట్నం జనానికి అడవులు చూపించే ట్రిప్పుల వ్యాపారం అతనిది. ఏ బోటు మాట్లాడుకోవాలో తేల్చుకోవడానికి వచ్చాడు. ఆ పని దొరక్కపోతే ఏసుపాదం బోటు అమ్ముకోవాల్సిందే. అందుకే వినీల మచిలీపట్నంలో ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ వచ్చింది.

"నాన్నా, ఈ ఒక్కరోజుకీ అరవకు."

"అలాగేలేమ్మా."

హరిబాబు బోటు ఎక్కుతూనే పెదవి విరిచాడు. "నేను చూడని కొండ అడవి లేదండీ. ఇక్కడ కొండే లేదు కదా!"

"ఆ అడవులకి కింద కొండ ఉంది కాబట్టి నిలబడ్డాయండి. మాది ఒట్టి బురదలో నిలబడింది. ఉప్పెన నాడు మా నాన్న ఈ చెట్లు పట్టుకునే బతికాడండి. ఇవే లేకపోతే నేనూ లేను, మా అమ్మాయీ లేదు."

ఆ మాటకి వినీల గర్వంగా తండ్రి వైపు చూసింది.

పాయ మొదట్లో ఇంజను ఆపాడు. ఒడ్డున బావురుపిల్లి! నీళ్లలోకి పంజా చాచి చేప కోసం కాపు కాస్తోంది. హరిబాబు ఊపిరి బిగబట్టి ఫోను ఎత్తాడు.

"వస్తున్నామండీ!"

పిల్లి మాయం. వినీల తల పట్టుకుంది.

"మతి ఉందా అండీ మీకు? దానికోసమే ఇంత దూరం వచ్చాను!" అని హరిబాబు ఎగిరిపడ్డాడు.

"కూ..." అని వినిపించింది. ఏసుపాదం తాపీగా గెడ వేశాడు.

మలుపు తిరగగానే మోకాల్లోతు బురదలో పీతలు పట్టే ఆడవాళ్లు, ఎగదోపిన చీరలు దించుకుని సర్దుకుంటున్నారు. ముందున్న రావమ్మ నోటి దగ్గర దోసిలి ఇంకా తియ్యలేదు. వినీల పిట్టని గుర్తుపట్టింది.

"మిగతా బోట్లోళ్లు చప్పుడు లేకుండా వచ్చి ఫొటోలు తీసుకుపోతారు బాబూ," అంది రావమ్మ. "ఏసుపాదం అన్నయ్య ఒక్కడే మేం చీరలు సర్దుకున్నాక వస్తాడు."

హరిబాబు ఫోను జేబులో పెట్టేశాడు. తర్వాత, "మా ట్రిప్పులన్నిటికీ ఈ బోటేనండీ," అన్నాడు.

వినీల తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. ఈ అడవి ఎంత గొప్పదో, ఈ మనిషీ అంతే అనిపించింది ఆమెకి.

తర్వాతి మలుపు రాగానే హరిబాబు లేచి, గొంతు సవరించుకుని, "వస్తున్నామండీ!" అని అడవి అదిరేలా అరిచాడు.

ఏసుపాదం విసుక్కున్నాడు. "ఎందుకండీ ఆ కేకలు? అక్కడెవరూ ఉండరు. పిల్లులు బెదిరిపోవూ!"