అటక మీద గిన్నె

మామగారి పెద్దకర్మ అయిన మూడో రోజుకి మా వంటింట్లో వాసన మొదలైంది. సింకు గొట్టం విప్పి కడిగాను. ఎండుచేపల డబ్బా ఎండలో పెట్టాను. ఎలుక చచ్చిందేమోనని ఫ్రిజ్ వెనక టార్చి వేసి చూశాను. మా అత్త ఏళ్ల తరబడి శ్రీకాకుళం వీధుల్లో చేపలమ్మిన మనిషి, గంపలో చేప ఏనాటిదో దూరం నుంచే పసిగట్టేస్తుంది. అలాంటిది, "ఏటి వాసన? నాకేటీ రానేదే" అంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

వాసన మొదలైన నాలుగో రోజు మధ్యాహ్నం స్టూలెక్కి అటకంతా వెతికాను. పాత బిందెల వెనక, మూతలు పెట్టిన స్టీలు గిన్నె, గ్లాసు దొరికాయి. చూడగానే గుర్తుపట్టాను. కర్మ రోజున మామగారి కోసం విడిగా చేపల కూర వండింది నేనే, గ్లాసు నిండా నీళ్లు పోసిందీ నేనే. ఆయన వచ్చి తింటారని వాటిని గదిలో పెట్టి కాసేపు తలుపు మూశాం. ఆ తర్వాత కూర అత్త కాకులకు వేసేసిందనుకున్నాను.

కిందికి దించి మూతలు తీశాను. కూర కుళ్లి బూజు పట్టింది. గ్లాసులో మాత్రం చుక్క నీళ్లు లేవు.

అత్త ఎప్పుడొచ్చిందో, నా వెనకే నిలబడి ఉంది. ముక్కు కూడా మూసుకోలేదు. గ్లాసు తీసుకుని లోపలికి చూసింది.

"మీ మావ నీళ్లు తాగీసాడు," అంది. తర్వాత గిన్నె చూసి నా మీద విసుక్కుంది. "కూర ముట్టనేదు. ఉప్పెయ్యనేదేటే?"

పోయినవాళ్లకు వండేది రుచి చూడకూడదు. ఆ రోజు ఉప్పు వేశానో లేదో నాకిప్పటికీ గుర్తు రాదు.