మామగారి పేరుతో బుడ్డోణ్ణి వెతికిన రోజు

ఒక్క ఫోటో వెతకబోయి ఇల్లంతటినీ, పైగా ఒక ఆసుపత్రిని తికమక పెట్టిన ఘనత నాది. డిగ్రీ చదివినదాన్నేనని మనవి. ఆ చదువు ఆ రోజు ఎటు పోయిందో మాత్రం అడగకండి.

మా బుడ్డోడికి మామగారి పేరే పెట్టాం, రాఘవేంద్ర అని. పెట్టాం గానీ పిలిచేవాళ్ళు లేరు. భర్త పేరని అత్తమ్మ పలకదు, మామ పేరని నేను పలకను. అలా వాడు బుడ్డోడుగానే స్థిరపడిపోయాడు. ఆ పొద్దున వాడు తన టీకాల కార్డును సగం నమిలేశాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే నర్సమ్మ, "ఫోటో అన్నా తీసుకరామ్మా. లేకుంటే ఏది ఏసినామో తెలీదు, మళ్ళా ఎయ్యాల్సొస్తాది" అంది. వేసిన సూదే మళ్ళీనా? నా గుండె కుక్కర్‌లా కూత పెట్టింది.

ఆ కార్డుకు ముందే తీసిపెట్టిన ఫోటో పాత ల్యాప్‌టాప్‌లో ఉంది. దాని మీద బుడ్డోడు చారు పోసినప్పటి నుంచి తెర మీద బాణం కదలదు, టైపు మాత్రం అవుతుంది. ఆదోనిలో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఆజ్ఞలు టైపు చేసే నల్ల తెర తెరిచినావా అక్కా? ఎతకమని చెప్పేదానికి ఫైండ్ అని రాయి. పక్కన చుక్క పెట్టు. చుక్కంటే నువ్వు యాడుండావో ఆ చోటు."

"నేను వంటింట్లో ఉండానురా."

"ఇంట్లో కాదక్కా, కంప్యూటర్లో."

"కంప్యూటర్లో నేను యాడుండాను?"

"అది వదిలెయ్. చిన్న గీత పెట్టి నేమ్ అని రాయి. ఆ పక్కన పిల్లోని పేరు, అటూ ఇటూ స్టార్ గుర్తు."

వెనక నుంచి అత్తమ్మ వంగి చూసింది. "ఏం రాస్తాండావు?"

"బుడ్డోని పేరు అత్తా."

"అంటే మీ మామ పేరు."

"పలకడం లేదు కదత్తా, రాస్తాండా."

"రాస్తే తప్పు తగ్గుతాదా?"

కళ్ళు మూసుకుని ఎంటర్ నొక్కాను. మామగారి ఆధార్ వచ్చింది. మామగారి పంట బీమా, మామగారి కళ్ళద్దాల చీటీ, మామగారి పాసుపుస్తకం వరసగా దిగాయి. బుడ్డోడు లేడు.

"చుక్క తీసేసి ఏటవాలు గీత పెట్టు. కంప్యూటరంతా ఎతుకుతాది" అన్నాడు తమ్ముడు.

పెట్టాను. తెర నిండా ఇంగ్లీషులో ఒకటే మాట: అనుమతి లేదు, అనుమతి లేదు, అనుమతి లేదు. మామ పేరు రాసినందుకు అది కూడా అత్తమ్మ పక్షం చేరిందనుకుని, "తప్పయిపోయింది" అని తెరకు దండం పెట్టాను.

"ఎవరితో మాట్లాడతాండావక్కా?"

నాకు ఏడుపొచ్చేసింది. అత్తమ్మ మాత్రం తాపీగా అడిగింది. "ఆ ఫోటోకు పేరు పెట్టింది ఎవరు?"

"నేనే."

"నువ్వు వానిని ఎప్పుడన్నా ఆ పేరుతో పిలిచినావా?"

బుడ్డోడు అని రాసి చూశాను. ఒకే ఒక్క వరస వచ్చింది: బుడ్డోడు టీకాలు. మామగారి మీద గౌరవంతో అలా దాచిందాన్ని నేనే, మరిచిపోయిందాన్నీ నేనే.

ఒక చంకలో ల్యాప్‌టాప్, ఇంకో చంకలో బుడ్డోడు. అత్తమామలతో సహా మా ఊరు నందవరంలో ఆటో ఎక్కి ఎమ్మిగనూరు ఆసుపత్రికి చేరాం. నర్సమ్మ ఫోటో చూసి, "ఇప్పుడు ఒక్క సూదే. కూచోండి, పిలుస్తాం" అంది. ప్రాణం కుదుటపడింది.

కాసేపటికి లోపలి నుంచి "రాఘవేంద్ర" అని పిలిచారు. మేము కదల్లేదు. మళ్ళీ పిలిచారు. పాపం ఎవరి బిడ్డో అని నేను అటూ ఇటూ చూస్తున్నాను. అప్పుడు మామగారు లేచి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ లోపలికి నడిచారు.

"నాక్కూడా ఎయ్యాల్నా అమ్మా?" అని ఆయన అడగడం బయటికి వినిపించింది.

అందుచేత, పక్కన నిద్రపోతున్న బుడ్డోడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఫైలుకూ గౌరవంతో పేరు పెట్టను. రెండో బిడ్డంటూ పుడితే, పెట్టబోయే పేరును అత్తమ్మా నేనూ వీధి చివరికి వినపడేలా పిలవగలమని తేలాకే ఆ బిడ్డను ఉయ్యాల్లో వేస్తాను.