షాహీన్ చేతులు

రిటైర్మెంటుకు ఆరేళ్ల ముందు, సరిగ్గా బళ్లు తెరిచే జూన్ నెలలో, నన్ను సికింద్రాబాద్‌లో మా ఆసుపత్రి పిల్లల కిడ్నీ విభాగానికి సిస్టర్ ఇన్‌చార్జిగా వేశారు. కిడ్నీలు పనిచేయని పిల్లలకు పొట్టలోకి సన్నని గొట్టం వేసి, దాని గుండా ద్రవం ఎక్కించి, కొన్ని గంటలయ్యాక దించేస్తాం. ఒంట్లోని మలినాలు ఆ ద్రవంతో బయటికి వస్తాయి. ఇంట్లో రోజుకు నాలుగుసార్లు ఈ పని చేయాల్సింది తల్లే. ఆ తల్లులకు నేర్పడం నా ఉద్యోగం. ఫ్యాను ఆపు, తలుపు మూయి, మాస్కు కట్టు, మోచేతుల దాకా కడుగు! నా వెనక నన్ను సబ్బు సిస్టర్ అనేవారు. తెలిసినా తెలియనట్టు ఉండేదాన్ని, లోలోపల గర్వమే. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

మౌలాలి నుంచి వచ్చే షాహీన్ అందరికన్నా చురుకైనది. ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఏడేళ్ల కూతురు నజ్మాను ఆ ఏడే బళ్లో వేసింది. కుట్టుపనికి అలవాటు పడ్డ చేతులు కదా, గొట్టం మూత తీసి బిగిస్తుంటే ముచ్చటేసేది.

ఆగస్టులో ఒక పొద్దున నజ్మాను కడుపునొప్పితో తీసుకొచ్చింది. దించిన ద్రవం బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. ల్యాబుకు పంపితే ఫంగస్ అని తేలింది. మామూలు బాక్టీరియా అయితే చాలాసార్లు మందులతోనే గొట్టాన్ని కాపాడుకుంటాం. ఫంగస్ వస్తే గొట్టం వెంటనే తీసేయాల్సిందే. ఆలస్యమైతే పొట్టలోపలి పొర పాడై ఇంటి డయాలసిస్ ఇక పనికిరాదు, ప్రాణానికీ ముప్పే. నాకు ఒళ్లు మండిపోయింది. వార్డులో తల్లులందరి ముందే, చేతులు కడగకుండా ముట్టుకున్నావు కదూ, పిల్లను ఏం చేద్దామనుకున్నావు అని కేకలేశాను. షాహీన్ తన చేతుల వంక చూసుకుంది.

గొట్టం తీశారు. మెడ దగ్గర పైపు వేసి మిషను మీద రక్తం శుద్ధి చేస్తూ ఫంగస్ మందు మొదలుపెట్టారు. కొన్ని వారాలకు జబ్బు తగ్గి, కొత్త గొట్టం వేసే మాట వచ్చింది. అప్పుడు షాహీన్ అడ్డం తిరిగింది. "నేను ముట్ట సిస్టరమ్మా. నా చేతులు మంచియి గావు" అంది. ఆ ఇంట్లో ఈ పని చేయగలిగింది ఆమె ఒక్కతే. ఆమె చేయనంటే నజ్మాకు వారానికి మూడు రోజులు మిషనే గతి, బడి లేనట్టే.

కేసు కాగితాలు పూర్తి చేద్దామని షాహీన్ రోజూ రాసే డయాలసిస్ పుస్తకం తెరిచాను. ఎక్కించింది, దించింది, ఏ పూటా వదలకుండా రాసి ఉంది. జూలై చివర ఒక పేజీలో ఇలా ఉంది: "చెవి పోటు. గల్లీ డాక్టర్ యాంటీబయాటిక్ రాసిండు. సిస్టర్‌కు ఫోన్ చేసిన. ఇయ్యమన్నరు."

అయ్యో, నా తల్లీ! యాంటీబయాటిక్ ఒంట్లోని మంచి బాక్టీరియానూ చంపేస్తుంది, ఆ సందులో ఫంగస్ పెరుగుతుంది. అందుకే డయాలసిస్ పిల్లలకు అది వాడినన్నాళ్లూ ఫంగస్ రాకుండా మరో మందు తోడివ్వాలి. ఆ నియమం టైపు చేయించి గోడకు అంటించింది నేనే. హడావిడిలో "ఇచ్చెయ్యమ్మా" అని ఫోను పెట్టేసిందీ నేనే. పుస్తకం చూపిస్తే డాక్టరు గారు కూడా, చాలావరకు దీనివల్లే అయ్యుంటుందన్నారు.

షాహీన్‌ను వరండాలోకి పిలిచి తప్పు నాదని చెప్పాను.

"తిట్టుడు అందరి ముందట తిట్టిన్రు సిస్టరమ్మా. గీ ముచ్చట సుత అందరి ముందటనే చెప్పున్రి."

సర్వీసు మొత్తంలో అంత సిగ్గు ఎన్నడూ పడలేదు. వార్డులోకి నడిచి, తల్లులందరూ వింటుండగా చెప్పాను. వారం తిరిగాక కొత్త గొట్టం వేశారు. అది వాడకానికి వచ్చిన రోజు మొదటి ద్రవం సంచి ఆమే తగిలించింది. దసరా సెలవులయ్యాక నజ్మా బడికి వెళ్లింది.

ఆ తర్వాత ద్రవం మసకబారిందని ఏ తల్లి వచ్చినా, ఈమధ్య పిల్లకు ఏ మందులు వాడారని ముందు అడిగేదాన్ని. చేతుల సంగతి ఆ తర్వాతే. ఎవరినైనా మందలించాల్సి వస్తే వరండాలోకి పిలిచేదాన్ని. నా తప్పు ఒప్పుకోవాల్సి వస్తే మాత్రం వార్డులోనే.