ఏసీ గదిలో దైవసహాయం మాస్టారు

నిన్న మధ్యాహ్నం ఫోన్. "దైవసహాయం మాస్టారు పోయారండి" అన్నారు.

"ఏ దైవసహాయం మాస్టారు?" అని అడిగాను. రేపల్లెలో నాకు తెలిసింది ఆయనొక్కరే. అయినా అడిగాను.

తెనాలిలో బస్సెక్కి అక్కడికి వెళ్లేదాకా నమ్మలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మాస్టారు రిటైరయ్యాక మాలాంటి నలుగుర్ని పోగేసి స్థానిక చరిత్ర సంఘం పెట్టారు. అడవులదీవి వైపు ఊళ్లన్నీ తిరిగి, డెబ్బై ఏడు ఉప్పెనలో అయినవాళ్లను పోగొట్టుకున్న పెద్దల మాటలు క్యాసెట్లలో రికార్డు చేశారు. వాళ్లలో ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు.

మా నానమ్మ కూడా లేదు. ఆవిడ గొంతు ఆ క్యాసెట్లోనే ఉంది.

ఉప్పుగాలికి టేపులు బూజు పడుతున్నాయని తన పడగ్గదిలో ఏసీ పెట్టించి, పెట్టెలన్నీ అందులో సర్దారు. ఆయన మాత్రం వరండాలో మడత మంచం మీద. మే నెల ఎండల్లో కూడా.

"మీరూ లోపలే పడుకోవచ్చుగా మాస్టారూ?" అంటే, "మంచం వేస్తే పెట్టెలు పట్టవమ్మాయ్" అని నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడానికి గవర్నమెంట్ గ్రాంట్ అడిగాం. ఒక ఆఫీసరుగారు చూడ్డానికి వచ్చారు. మాస్టారు ఒక టేపు వేశారు. నీళ్లలో చెయ్యి జారిపోయిన పిల్లల్ని ఒక తల్లి పేరుపేరునా పిలుస్తోంది.

ఆఫీసరుగారు కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత, "సంఘానికి సొంత బిల్డింగ్ లేదు కదండీ, రూల్స్ ఒప్పుకోవండి" అన్నారు.

"బిల్డింగే ఉంటే మిమ్మల్నెందుకు అడుగుతామండీ?" అన్నాను. మాస్టారు నన్ను కసిరి, ఆయనకి టిఫిన్ పెట్టించి బస్సెక్కించారు.

ఆ తర్వాత ఎన్ని ఆఫీసులు తిరిగామో! "మన చరిత్ర, మన వారసత్వం" అని మైకులో అరిచేవాళ్లే అందరూ. ఒక్క గది ఇచ్చిన పాపాన పోలేదు.

నిన్న ఎక్కడా ఫ్రీజర్ బాక్స్ దొరకలేదు. ఇవాళ సమాధి చేసేదాకా ఉంచాలని, మాస్టారిని ఏసీ గదిలోనే పడుకోబెట్టారు. చోటు కోసం ఇరుగుపొరుగు వాళ్లు పెట్టెలన్నీ వరండాలోకి చేర్చారు. పాపం, వాళ్ల తప్పేం లేదు.

సాయంత్రం ఈదురుగాలి. జడివాన.

నేను వెళ్లేసరికి పెట్టెల్లోంచి నీళ్లు కారుతున్నాయి. నానమ్మ క్యాసెట్ వెతికి తీసి, కొంగుతో తుడుస్తూ అక్కడే కూలబడ్డాను. లోపలంతా నీళ్లే. ఇక అది పలకదు.

మాస్టారి కూతురు బాపట్ల నుంచి వచ్చింది. నా పక్కన కూర్చుంది. "పోనీలే అక్కా, నాన్న ఒక్క రాత్రైనా చల్లగా పడుకుంటారు" అంది.



సెలవు మాస్టారూ. ప్రభువు దగ్గర మీకు శాంతి దొరకాలి.

అక్కడ మా నానమ్మ కనిపిస్తే, టేపు తడిసిపోయిందని మాత్రం చెప్పకండి.