డ్రిల్లు మాస్టారి దానం

మా బడి డ్రిల్లు మాస్టారికి కాదనడం చేతకాదు. లెక్కల టీచరమ్మ వచ్చి, "మాస్టారూ, పాఠాలు మిగిలిపోయాయి, మీ ఆటల పీరియడు ఇస్తారా?" అంటే, "దానికేం భాగ్యం తల్లీ, తీసుకో" అనేవారు. అది చూసి సైన్సు మాస్టారూ అడగడం మొదలుపెట్టాడు. చివరికి ర్యాంకులు పెరగాలని సర్కారు ఆటల పీరియడునే ఎత్తేసింది. ఆ తర్వాత కూడా ఆయన రోజూ పొద్దున్నే బంతులకు గాలి కొట్టి, గదికి తాళం వేసి, వెళ్లి లైబ్రరీలో కూర్చునేవారు.

ఎన్నికలు దగ్గరపడేసరికి సర్కారు పెద్దలకు ఆటల్లేని పిల్లల దిగులు గుర్తొచ్చింది. ఆ బంతుల గదికే రంగు వేసి, "మనోవికాస కేంద్రం" అని బోర్డు తగిలించారు. కాళ్లు విరగ్గొట్టి కర్ర చేతికివ్వడమంటే ఇదే!

ప్రారంభోత్సవానికి మంత్రిగారొచ్చారు. ఫొటో కోసం పిల్లల్ని ఆడించమన్నారు. మాస్టారి మొహం చేటంతయింది. "కానివ్వండర్రా!" అంటూ బంతిని వాళ్ల మధ్యకు దొర్లించారు. అది దగ్గరకొస్తుంటే పిల్లలు పుస్తకాలు గుండెకు హత్తుకుని, మర్యాదగా పక్కకు జరిగి, దానికి దారిచ్చారు.

"అబ్బ, ఏం క్రమశిక్షణ!" అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి.

గోడకు తగిలి ఆగిన బంతిని మాస్టారే వెళ్లి తెచ్చుకున్నారు. పక్కనున్న లెక్కల టీచరమ్మతో మెల్లగా అన్నారు: "అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని నవ్వుతాం కదమ్మా. నేను చేసిందీ అదే. ఆ పీరియడు నాదనుకుని ఇచ్చేశాను. వీళ్లదమ్మా అది. వీళ్లనొక్క మాటైనా అడగలేదు."