తెర మూలన టిక్కు

ఎంబ్రాయిడరీ అక్కయ్య పొద్దున్నే కంప్యూటర్ తెరను మెత్తటి గుడ్డతో తుడిచి, మూలనున్న ఆకుపచ్చ టిక్కును కళ్లారా చూసుకున్నాకే పనికి కూర్చుంటుంది. అదుంటే యాంటీవైరస్ కాపలా కాస్తున్నట్టేనని తమ్ముడు చెప్పాడు. అంతకుముందు మాటిమాటికీ ఏవో హెచ్చరికలు వచ్చేవి, ఆవిడ వాడికి ఫోన్ చేసేది. వాడొచ్చి ఏదో నొక్కి వెళ్లాక ఆ గోల ఆగింది.

ఇవాళ ఆమె గీసుకున్న డిజైన్లు ఒక్కటీ తెరుచుకోలేదు. యాంటీవైరస్ కంపెనీకి ఫోన్ చేస్తే, "ఆ టిక్కు మీద నొక్కండమ్మా" అంది అవతలి అమ్మాయి. ఎంత నొక్కినా అది ఉలకలేదు, పలకలేదు. చివరికి తెర మీద వాల్‌పేపర్‌గా ఉన్న పూలతోట బొమ్మ మార్చమంది. మారిస్తే పూలతో పాటు టిక్కూ మాయమైంది. యాంటీవైరస్ ఎప్పుడో తీసేశారట.

"రోజూ నీ ఫోన్లు పడలేక దాన్ని తీసేసి, పూలతోట మీద ఆ టిక్కు బొమ్మ అతికించానక్కా. నీకూ ధైర్యంగా ఉంటుందనుకున్నా" అని నసిగాడు తమ్ముడు.

"ధైర్యంగానే ఉన్నాను కదరా" అంది అక్కయ్య, గుడ్డ మడత పెడుతూ.